కోఠీలో గ్రీకు స్తంభాలు, గుట్ట మీద ఈజిప్టు సూది

మనలో చాలామందికి కోఠీ అంటే పాత పుస్తకాలు. సీనియర్లు రాసిన నోట్సుతో సహా సగం ధరకి టెక్స్ట్‌బుక్ దొరికే చోటు. ఖమ్మం నుంచో కొత్తగూడెం నుంచో బస్సెక్కి ఎంజీబీఎస్‌లో దిగి, లిస్టు పట్టుకుని వెళ్లి, బేరమాడి, సంచి నింపుకుని వచ్చేస్తాం. కానీ ఆ ఏరియాకి కోఠీ అని పేరెందుకు వచ్చిందో అడిగేవాళ్లు తక్కువ. కోఠీ అంటే పెద్ద బంగళా. ఆ బంగళా ఇప్పటికీ అక్కడే ఉంది, పుస్తకాల బండ్లకి కూతవేటు దూరంలో, మహిళా కాలేజీ గోడల వెనకాల. పాత పేరు బ్రిటిష్ రెసిడెన్సీ.

ఆ బంగళా ముందు నిలబడితే ఎవరికైనా మొదట వచ్చే డౌటు ఒకటే. ఆరు పెద్ద పెద్ద స్తంభాలు, వాటి నెత్తిన త్రికోణం, కింద వెడల్పాటి మెట్లు, మెట్లకి అటూ ఇటూ సింహాలు. ఇది ఏథెన్సులో ఉండాల్సింది కదా, మూసీ ఒడ్డున ఏం చేస్తోంది? ఈ వ్యాసం ఆ డౌటుకి జవాబు. సివిల్ వాళ్లకి కొంత తెలిసిన విషయమే ఉండొచ్చు. మిగతా బ్రాంచీల వాళ్లు భయపడక్కర్లేదు, ఫార్ములా ఒక్కటే వస్తుంది. ఇంకో మాట: ఈ ఇంటికీ మన భద్రాచలం అడవికీ సంబంధం ఉంది. దాని సంగతి చివర్లో.

ముందు "రీజెన్సీ" అంటే ఏంటో చూద్దాం. ఇంగ్లండు రాజు మూడో జార్జికి మతి చలిస్తే, 1811 నుంచి 1820 వరకు ఆయన కొడుకు ప్రతినిధిగా పాలించాడు. ఆ తొమ్మిదేళ్లే అసలు రీజెన్సీ. కానీ కట్టడాల వాళ్లు ఆ పేరుని ముందుకీ వెనక్కీ సాగదీసి, సుమారు 1795 నుంచి 1837 దాకా వచ్చిన శైలి మొత్తానికి వాడతారు. తెల్లగా గారా చేసిన గోడలు, సన్నటి ఇనప కటకటాలు, వరండాలు, ముందు గ్రీకు గుడి లాంటి పోర్టికో. ఊరికి కాస్త దూరంగా, తోట మధ్యలో కట్టుకునే ఇలాంటి ఇంటిని విల్లా అనేవారు. ఇవాళ మన రియల్ ఎస్టేట్ బ్రోచర్లలో గోడకి గోడ ఆనించి కట్టిన ఇళ్లని కూడా విల్లా అంటున్నారు, అది వేరే సంగతి.

ఈ శైలికి ముత్తాత ఇటలీకి చెందిన పల్లాడియో. 16వ శతాబ్దం మనిషి. 1570లో నాలుగు భాగాల పుస్తకం రాశాడు. పాత రోమన్ గుడుల కొలతలు తీసి, ఆ గుడి ముఖాన్ని తెచ్చి మామూలు ఇంటికి అతికించాడు. గుడికి ఉండే గౌరవం ఇంటికి వచ్చింది. ఇంగ్లండు జమీందార్లకి ఇది తెగ నచ్చింది. తర్వాత 1762లో స్టూవర్ట్, రెవెట్ అనే ఇద్దరు ఏథెన్సు కట్టడాలని స్వయంగా కొలిచి, బొమ్మలు వేసి మొదటి సంపుటం అచ్చేశారు. అప్పటిదాకా రోమ్ ద్వారా మాత్రమే తెలిసిన గ్రీకు పనితనం నేరుగా చేతికొచ్చింది. అంటే కాపీ పుస్తకాలు రెండయ్యాయి. ఇళ్లు కట్టేవాళ్లు రెండింట్లోంచీ తీసుకున్నారు.

ఇప్పుడు స్తంభం దగ్గరికి వద్దాం. దీన్ని అర్థం చేసుకోవడానికి గ్రీసు వెళ్లక్కర్లేదు. పినపాక వైపు జానంపేట దగ్గర అడవిలో "రాక్షస గుళ్లు" అని జనం పిలిచే పెద్ద రాతి సమాధులున్నాయి. నిలువుగా నిలబెట్టిన బండలు, వాటి మీద అడ్డంగా మూతలా ఒక పెద్ద బండ. ఇనుప యుగం నాటివి. ప్రపంచంలో ఏ స్తంభాల కట్టడమైనా, ఎంత గొప్పదైనా, మూలసూత్రం ఇదే: రెండు నిలువు, ఒక అడ్డం. ఏథెన్సు పార్థెనాన్ కూడా ఒక రకంగా నగిషీ చెక్కిన రాక్షస గుడే.

ఇందులో అసలు చిక్కు అడ్డరాయితో. నిలువు రాయి మీద బరువు పడితే అది నొక్కుకుంటుంది. నొక్కడాన్ని రాయి బ్రహ్మాండంగా తట్టుకుంటుంది. అడ్డరాయి మాత్రం వంగుతుంది. వంగినప్పుడు దాని పైభాగం నొక్కుకుంటుంది, కిందిభాగం సాగుతుంది. సాగే శక్తి రాయికి చాలా తక్కువ, నొక్కుడు తట్టుకునే బలంలో సుమారు పదో వంతు. అందుకే పగులు ఎప్పుడూ కింది నుంచి మొదలవుతుంది. పైగా దూలం తన సొంత బరువుకి వంగే మొమెంటు, స్పాన్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రెండు స్తంభాల మధ్య దూరం రెట్టింపు చేస్తే, అదే మందం దూలం మీద వంపు నాలుగింతలు. (చెప్పిన ఒక్క ఫార్ములా ఇదే.) కాబట్టి రాతి దూలం పెట్టదలిస్తే స్తంభాలు దగ్గర దగ్గరగా పెట్టక తప్పదు. మన గుళ్లలో మండపం నిండా అడుగడుగునా స్తంభాలుండటానికీ, గ్రీకు గుడి చుట్టూ స్తంభాలు బారులు తీరడానికీ కారణం ఒకటే. భక్తి వేరు, లెక్క ఒకటి.

మనవాళ్లు స్తంభం నెత్తిన రెండువైపులా ముందుకు పొడుచుకొచ్చే బోదెలు పెట్టి ఆ స్పాన్‌ని తగ్గించారు. గ్రీకులు ఆ పని పెద్దగా చేయకుండా, స్తంభం తల మీద అందం పెంచారు. తల ఎలా ఉందన్నదాన్ని బట్టి రకం చెప్పేయొచ్చు. దిండు లాంటి సాదా తల అయితే డోరిక్. పొట్టేలు కొమ్ముల్లా చుట్టలు తిరిగితే అయోనిక్. ఆకులు దొంతరలుగా విచ్చుకుంటే కొరింథియన్. కోఠీ బంగళా పోర్టికోలోని ఆరూ కొరింథియన్ స్తంభాలే. ఆ ఆకు అకాంథస్ అనే మధ్యధరా ప్రాంతపు మొక్కది. దాని చుట్టం ఒకటి మన గోదావరి సముద్రంలో కలిసే చోట, కోరింగ మడ అడవుల్లో పెరుగుతుంది. హాలీ ఆకులాగా అంచంతా ముళ్లు. గ్రీకు శిల్పి ఆ ముళ్లని నునుపు చేసి చెక్కాడు.

స్తంభం సన్నదనానికి కూడా ఒక లెక్కుంది. పార్థెనాన్ డోరిక్ స్తంభం ఎత్తు, దాని అడుగు వ్యాసానికి ఐదున్నర రెట్లు. బలంగా, పొట్టిగా, పహిల్వానులా ఉంటుంది. పల్లాడియో చెప్పిన కొరింథియన్ స్తంభమైతే తొమ్మిదిన్నర రెట్లు. అదే వ్యాసానికి దాదాపు రెట్టింపు పొడుగు. కోఠీలో నిలబడి తల ఎత్తితే అంత ఎత్తుగా అనిపించడానికి సగం కారణం కొలత, సగం కారణం ఈ నిష్పత్తి.

ఇక ఇంటి కథ. కట్టించినవాడు జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్. 1798లో హైదరాబాదులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు అయ్యాడు. రెసిడెంటు అంటే పేరుకి రాయబారి, పనికి అంతకంటే చాలా ఎక్కువ. పారసీ, హిందుస్తానీ బాగా మాట్లాడేవాడు, ఇక్కడి బట్టలు కట్టేవాడు, ఖైరున్నీసా అనే హైదరాబాదు ఉన్నత కుటుంబపు అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఆ ప్రేమకథ మీద పుస్తకాలొచ్చాయి, కాబట్టి ఇక్కడ వదిలేస్తాను. మనక్కావలసింది ఆయన డ్రాయింగు.

జాన్ మాల్కమ్ అనే కంపెనీ అధికారి రాసిన ముచ్చట ఇది. కొత్త భవనానికి స్థలం కావాలని కర్క్‌పాట్రిక్ ఆ భూమిని సర్వే చేయించి, పెద్ద కాగితం మీద ప్లాను గీయించి, నిజాం అలీ ఖాన్ దర్బారులో పరిచాడు. నిజాం చూసి కుదరదన్నాడు. రెసిడెంటు దిగాలుపడ్డాడు. తర్వాత మంత్రి మీర్ ఆలం నవ్వుతూ అసలు సంగతి చెప్పాడట: మీరు తెచ్చిన కాగితం ఆయన రాజ్యం మొత్తం చూపించే పటాల్లో ఏదానికీ తీసిపోని సైజులో ఉంది, అంత ఎలా ఇస్తారు? కర్క్‌పాట్రిక్ అదే ప్లానుని చిన్న కార్డు ముక్క మీద గీయించి మళ్లీ తీసుకెళ్లాడు. వెంటనే మంజూరైంది.

మనకి ఇంజనీరింగ్ డ్రాయింగ్ మొదటి క్లాసులో చెప్పేది ఇదే కదా, స్కేల్ రాయకుండా షీటు ఇవ్వొద్దని. అయితే నాకు ఈ కథ పూర్తిగా నమ్మబుద్ధి కాదు. యుద్ధాలు, రాయబారాలు నలభై ఏళ్లు నడిపిన నిజాముకి పటం చదవడం రాదంటే ఎలా? కథ చెప్పినవాళ్లు ఎవరో గుర్తుపెట్టుకుంటే, అందులో నవ్వు ఎవరి మీదో కూడా తెలుస్తుంది. ముసలి నవాబు తెలిసే వద్దన్నాడేమో, తెలిసే ఒప్పుకున్నాడేమో. ఒకటి మాత్రం ఖాయం: ఆ ఇంటి ఖర్చు పెట్టింది నిజామే. కంపెనీ ఠీవిగా ఉండటానికి డబ్బు కంపెనీది కాదు.

డిజైన్ చేసింది మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రసెల్, లెఫ్టినెంటు హోదా. వృత్తి ఆర్కిటెక్టు కాదు. ఆ కాలంలో మన దేశంలో ఇలాంటి ఇళ్లు గీసినవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లండు పుస్తకాలు ముందేసుకుని పనిచేసిన మిలిటరీ ఇంజనీర్లే. కలకత్తా గవర్నమెంట్ హౌసు అంతకు కొద్దిగా ముందే, 1803కి పూర్తయింది. అది ఇంగ్లండులోని కెడిల్‌స్టన్ హాల్ అనే జమీందారు ఇంటిని చూసి గీసింది. మద్రాసులోనూ గ్రీకు గుడి వేషంలో విందుశాల లేచింది. హైదరాబాదు వెనకబడకూడదు కదా. పని 1803 ప్రాంతంలో మొదలైంది. కర్క్‌పాట్రిక్ 1805 అక్టోబరులో కలకత్తాలో చనిపోయాడు. తను కట్టించిన ఇంట్లో సరిగ్గా కాపురం చేసే యోగం లేకపోయింది.

ఇంటి ముఖం ఉత్తరానికి. వెనకవైపు దక్షిణాన తోట, ఆ తర్వాత మూసీ, ఏటికి ఆవల నగరం. ఉత్తర ముఖం వల్ల ఒక లాభముంది. హైదరాబాదు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మాత్రమే మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగా వెళ్తాడు. మిగతా ఏడాదంతా పోర్టికోలో నీడే. మెట్ల సంగతికొస్తే, 19వ శతాబ్దపు ఒక వర్ణనలో ఇరవై రెండని ఉంది, అన్నిటికన్నా కింది మెట్టు 60 అడుగుల పొడవని, ఊరి చుట్టుపక్కల గుట్టల గ్రానైటుతో చేసిందని కూడా ఉంది. ఈ మధ్య రాతల్లో ఇరవై ఒకటి అంటున్నారు. ఒక మెట్టు నేల పూడికలో కలిసిపోయిందో, లెక్కపెట్టినవాళ్లు చివరి మెట్టుని గడపగా వదిలేశారో. ఎవరైనా వెళ్తే లెక్కపెట్టి క్లబ్బుకి చెప్పండి.

పోర్టికో పైన త్రికోణాన్ని పెడిమెంట్ అంటారు. గ్రీకు గుళ్లలో అక్కడ దేవతల బొమ్మలుండేవి. ఇక్కడ ఈస్టిండియా కంపెనీ చిహ్నం ఉంది. దేవుడి చోట్లో లిమిటెడ్ కంపెనీ లోగో పెట్టారన్నమాట. ఈ ఇంటి గురించి ఒక్క వాక్యమే చెప్పమంటే నేను ఇదే చెబుతాను.

ఇప్పుడొక రహస్యం. ఆ స్తంభాలు రాతివి కావు. బయటికి కనిపించేది సున్నపు పూత. పూతకి నునుపు పెట్టి పాలరాయిలా మెరిపించారు. ఇంగ్లీషువాళ్లు దీన్ని చూనం అని రాసుకున్నారు, మద్రాసు చూనం అప్పట్లో ప్రసిద్ధి. గుల్లలు కాల్చిన సున్నంలో గుడ్డు తెల్లసొన, బెల్లం, నెయ్యి లాంటివి కలిపి, పొర మీద పొర వేసి, రాతితో రుద్ది రుద్ది అద్దంలా చేసేవారు. మన ఊళ్లలో పెద్దవాళ్లని అడగండి, డంగు సున్నం, కరక్కాయ నీళ్లు అని వాళ్లే చెబుతారు. అదే కుటుంబం. దీన్ని మోసం అనుకోవద్దు. పల్లాడియో ఇటలీలో కట్టిన విల్లాల్లో కూడా చాలా స్తంభాలు ఇటుకవే, పైన గారా. ఆయన చేసింది ఆయన శిష్యులు చేయకూడదని ఎక్కడుంది? కాకపోతే ఇటలీలో ఆ గారా చేసినవాళ్లు ఇటలీ మేస్త్రీలు. ఇక్కడ చేసింది మనవాళ్లు. అకాంథస్ మొక్కని జన్మలో చూడని చేతులు ఆ ఆకుల్ని తీర్చాయి. డ్రాయింగు గీసినవాడి పేరు మనకి తెలుసు. ఆకు తీర్చినవాడి పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

ఇక ఈజిప్టు. మెట్ల పక్కన సింహాలున్నాయని పైన అన్నాను. ఇవాళ వెళ్లి చూసేవాళ్లకి అవి సింహాలే. కానీ నేను చెప్పిన ఆ పాత వర్ణనలో అక్కడున్నవి భారీ స్ఫింక్సులని రాశారు. స్ఫింక్సు అంటే సింహం ఒంటికి మనిషి తల. ఈజిప్టువాళ్లది పడుకుని ఉంటుంది, తల సాధారణంగా రాజుది. గ్రీకువాళ్లది ఆడది, రెక్కలుంటాయి, పొడుపుకథ అడిగి జవాబు చెప్పకపోతే తినేస్తుంది. వైవా ఎక్స్‌టర్నల్ అన్నమాట. రాసినవాడికి పడుకున్న సింహం చూస్తే స్ఫింక్సు ఎందుకు తట్టింది? ఎందుకంటే ఆ తరం ఇంగ్లీషువాళ్ల కళ్లనిండా ఈజిప్టే.

దానికి కారణం నెపోలియన్. 1798 జూలైలో సైన్యంతో ఈజిప్టులో దిగాడు, వెంట పండితులని, చిత్రకారులని తీసుకెళ్లాడు. వాళ్లలో దెనాన్ అనే ఆయన 1802లో బొమ్మలతో పుస్తకం తెచ్చాడు. యూరపు అంతా మోజు పట్టుకుంది. కుర్చీ కాళ్లకి స్ఫింక్సులు, పొయ్యి గూళ్లకి తామరలు, గడియారాలకి పిరమిడ్లు. 1812లో లండన్ పికడిల్లీలో ఈజిప్షియన్ హాల్ అని ఏకంగా ఒక ప్రదర్శనశాలే కట్టేశారు. ఇంకో చిన్న విషయం: 1801లో ఫ్రెంచివాళ్లని ఈజిప్టు నుంచి వెళ్లగొట్టడానికి మన దేశం నుంచి కూడా సిపాయిలని ఓడల్లో పంపారు. అందులో మద్రాసు పయనీర్లు వెళ్లొచ్చి, స్ఫింక్సు బొమ్మతో "ఈజిప్టు" అనే యుద్ధగౌరవం సంపాదించుకున్నారు. ఇవాళ్టి మద్రాసు శాపర్లకి అది వారసత్వంగా వచ్చింది. రసెల్ డ్రాయింగు గీసింది ఆ ఓడలు తిరిగొచ్చిన రోజుల్లోనే.

కానీ హైదరాబాదులో ఈజిప్టు కట్టడం చూడాలంటే కోఠీ కాదు, మూసారాంబాగ్ వెళ్లాలి. మన ఖమ్మం బస్సు దిల్‌సుఖ్‌నగర్ దాటి మలక్‌పేట వైపు వస్తూ ఆ పేరు మీదుగానే వెళ్తుంది. అక్కడ అస్మాన్‌గఢ్ దగ్గర గుట్ట మీద, విశాలమైన అరుగు మీద, 23 అడుగుల నల్లరాతి స్తంభం ఒకటి పైకి సన్నబడుతూ నిలబడి ఉంటుంది. ఇలాంటిదాన్ని ఒబెలిస్కు అంటారు. ఈజిప్టువాళ్లు సూర్యుడి గుడి ముందు జతగా నిలబెట్టేవారు. ధ్వజస్తంభానికి దూరపు చుట్టం అనుకోండి. పేరు మాత్రం గ్రీకుది, అర్థం "చిన్న చువ్వ". మాంసం గుచ్చి కాల్చే ఇనప చువ్వ, అంటే మన సీకు. సూర్యుడి గుర్తుని చూసి గ్రీకులకి కబాబ్ గుర్తొచ్చింది.

ఆ సూది కింద ఉన్నది మిషెల్ జోయాకిం మరీ రేమండ్, నిజాం సైన్యంలో ఫ్రెంచి సేనాపతి. సుమారు 14 వేల మంది ఆయన కింద ఉండేవారు. ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు, అలా మూసారాంబాగ్ అయింది. 1798 మార్చిలో చనిపోయాడు. సమాధి పక్కనే గ్రీకు స్తంభాలతో చిన్న మండపం ఉంది. అది 2001లో వానలకి కూలిపోతే తర్వాత తిరిగి నిలబెట్టారు. గమనించండి: ఒక ఫ్రెంచి మనిషి, నిజాం జీతం, ఈజిప్టు సూది, గ్రీకు మండపం, రాముడి పేరు. అన్నీ ఒకే గుట్ట మీద. గ్రీకు, ఈజిప్టు కలిసిన రీజెన్సీ అభిరుచి అని పుస్తకాల్లో చదివేది ఇక్కడ ఆ మోజు కంటే కాస్త ముందే కనిపిస్తుంది. ఒబెలిస్కు సమాధి గుర్తుగా యూరపుకి రోమ్ మీదుగా ముందే చేరింది మరి.

తేదీలు వరసగా పెట్టి చూస్తే ఈ గుట్టకీ కోఠీ బంగళాకీ సంబంధం తెలుస్తుంది. మార్చిలో రేమండ్ పోయాడు. జూలైలో నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. అక్కణ్ణుంచి టిప్పుతో కలుస్తాడేమోనని కంపెనీకి నిద్ర లేదు. సెప్టెంబరు 1న నిజాం చేత ఒప్పందం మీద సంతకం పెట్టించారు: కంపెనీ పటాలాలు ఉంచుకోవాలి, వాటి ఖర్చు భరించాలి, ఫ్రెంచివాళ్లని తీసేయాలి. అక్టోబరు 22న కర్క్‌పాట్రిక్ ఆధ్వర్యంలో ఫ్రెంచి దళాన్ని చుట్టుముట్టి, తుపాకులు పెట్టించేశారు. యుద్ధం లేకుండానే పని జరిగిపోయింది. 1800లో ఆ ఖర్చు కింద నిజాం వదులుకున్న జిల్లాలే దత్తమండలాలు, ఇవాళ్టి రాయలసీమ. ఆ తర్వాత మూడేళ్లకి కోఠీలో పునాది. సూది ఓడిపోయినవాళ్లది, బంగళా గెలిచినవాళ్లది.

ఇంకో తమాషా కూడా ఉంది. మూసీ ఒడ్డున గ్రీకు స్తంభాలు లేస్తున్న ఆ రోజుల్లోనే, 1805 ప్రాంతంలో, ఇంగ్లండు పల్లెటూళ్లో సెజిన్‌కోట్ అనే ఇంటికి మొఘల్ గుమ్మటం పెట్టారు. కట్టించుకున్నది కంపెనీ ఉద్యోగంలో డబ్బు చేసుకున్న కుటుంబం. దాన్ని చూసి ముచ్చటపడ్డ రీజెంటు, బ్రైటన్ సముద్రపు ఒడ్డున తన విలాసమందిరానికి గుమ్మటాలు, మినార్లు పెట్టించుకున్నాడు, నాష్ అనే ఆర్కిటెక్టు చేత. ఆ బ్రైటన్ మందిరానికి చెందిన షాండిలియరే తర్వాత కోఠీ దర్బారు హాలుకి వచ్చిందని చెబుతారు. రీజెన్సీ విల్లా అనగానే గుర్తొచ్చే వరండా కూడా మన దేశపు ఎండల్లో అలవాటై ఇంగ్లండుకి వెళ్లిందే. అంటే మనకి వాళ్లు పోర్టికో ఇచ్చారు, మన దగ్గర్నుంచి అరుగు పట్టుకెళ్లారు.

రీజెన్సీ తేదీలు 1811–1820 అన్నాను కదా. కోఠీ బంగళాలో హెన్రీ రసెల్ అనే రెసిడెంటు కాపురమున్నది కూడా సరిగ్గా 1811–1820. యాదృచ్ఛికమే, కానీ గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది. ఆయన అండతో హైదరాబాదులో పామర్ కంపెనీ అనే వడ్డీ వ్యాపారం వెలిగింది. నిజాం ప్రభుత్వానికి నూటికి పాతిక దాకా వడ్డీ మీద అప్పులిచ్చారు. ఆ కంపెనీ వ్యాపారాల్లో ఇంకొకటి కలప: గోదావరి ఒడ్డు అడవుల్లో చెట్లు కొట్టి, ఓడల నిర్మాణం కోసం నదిలో కిందికి దింపడం. గోదావరిలో తేలుతూ సముద్రం వైపు వెళ్లే దుంగ ఏదైనా భద్రాచలం రేవు ముందు నుంచి, పాపికొండల సందులోంచి పోవాల్సిందే, వేరే దారి లేదు. తర్వాత వచ్చిన రెసిడెంటు మెట్కాఫ్ ఆ అప్పుల లెక్కలు బయటపెట్టాడు, 1824లో పామర్ కంపెనీ దివాలా తీసింది.

అప్పులు మాత్రం పోలేదు. అవి పెరిగి పెరిగి చివరికి భూములయ్యాయి. 1860 ఒప్పందంలో నిజాముకి కొన్ని జిల్లాలు వెనక్కిచ్చి, 50 లక్షల అప్పు కొట్టేసి, బదులుగా గోదావరికి ఎడమ ఒడ్డున ఉన్న తాలూకాలని ఇంగ్లీషువాళ్లు తీసుకున్నారు. వాటిలో భద్రాచలం ఒకటి. అప్పుడు కోఠీ బంగళాలో రెసిడెంటు డేవిడ్‌సన్. ఆ సంతకంతో గోదావరి దేశపు సరిహద్దు అయిపోయింది. ఖమ్మం వైపు నిజాం, భద్రాచలం వైపు కంపెనీ పోయాక వచ్చిన రాణి. రామదాసు పాల్వంచ తహసీల్దారుగా ఉండి కట్టించిన గుడి ఏటికి అవతల ఇంకో సర్కారులో పడింది. మొదట సెంట్రల్ ప్రావిన్సెస్, 1874 నుంచి మద్రాసు వాళ్ల గోదావరి జిల్లా. భద్రాచలం మళ్లీ ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. 2014లో చుట్టూ మండలాలు మళ్లీ అటు వెళ్లాయి. ఇప్పటికీ మన హాస్టల్లో "మీది ఏ రాష్ట్రంరా" అని ఏడిపించుకునే కుర్రాళ్లున్నారంటే, ఆ గీతకి మొదటి డ్రాఫ్టు ఆరు కొరింథియన్ స్తంభాల వెనక గదిలో నడిచింది.

ఆ గీత కావాలనుకోవడానికి ఒక కారణం నది మీద పడవలు నడపాలన్న ఆలోచన. కాటన్ దొర కలగన్న పని. దుమ్ముగూడెం దగ్గర రాళ్ల అడ్డంకిని దాటించడానికి ఆనకట్ట, లాకు, కాలువ కట్టారు. 1871లో పై పనులన్నీ మానేశారు. దుమ్ముగూడెం వెళ్లినప్పుడు ఆ పాత రాతికట్టడాన్ని చూడండి. ఒక్క గ్రీకు ఆకు కూడా ఉండదు. అదే సామ్రాజ్యం, అదే ఇంజనీర్ల కుదురు. రాజధానిలో కట్టినప్పుడు పోర్టికో, అడవిలో కట్టినప్పుడు ఒట్టి రాయి. ఎవరు చూస్తారన్నదాన్ని బట్టి అలంకారం.

కోఠీకి తిరిగొస్తే, 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వంలో జనం రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఆ తర్వాతే చుట్టూ బురుజులు, గట్టి గోడలు వచ్చాయి. తోటలోని విల్లా కోటగా మారింది. 1949లో ఉస్మానియా మహిళా కాలేజీ ఈ భవనంలోకి వచ్చింది. దర్బారు హాలు అమ్మాయిల సభలకి వేదికైంది. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం, పేరు వీరనారి చాకలి ఐలమ్మది. కంపెనీ లోగో కింద నుంచి ఐలమ్మ పేరున్న ఐడీ కార్డుతో ఆడపిల్లలు క్లాసుకి వెళ్తున్నారు. పెడిమెంట్ మీద బొమ్మ మార్చాలని ఎవరైనా అంటే నేను వద్దంటాను. ఉండనివ్వండి, కింద నడిచేవాళ్లు మారారు కదా.

అయితే భవనం నిలబడాలి. 2002లో ప్రపంచ స్మారకాల నిధి దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి మరమ్మతులు సాగాయి. ఇక్కడ మనలాంటివాళ్లు తెలుసుకోవాల్సిన సాంకేతిక విషయం ఒకటుంది. సున్నపు గోడ ఊపిరి పీలుస్తుంది. నేలలోంచి ఎక్కిన తేమ పూతలోంచి బయటికి ఆరిపోతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమకి దారి మూసుకుపోతుంది, లోపల ఇటుక నానుతుంది, తేమతో వచ్చిన లవణాలు గడ్డకట్టి పూతని ముక్కలుగా ఊడగొడతాయి. సిమెంటు గట్టిది కదా అని పూసినవాడే గోడని చంపుతాడు. అందుకే ఇలాంటి చోట మళ్లీ సున్నమే వాడాలి, సున్నం తెలిసిన మేస్త్రీలనే వెతకాలి. మన వైపు ఊళ్లలో పాత గుళ్లకి, గడీలకి ఏటా జరుగుతున్నది సరిగ్గా దీనికి రివర్సు: చందాలు పోగుచేసి, సిమెంటు కొట్టి, పైన ఎనామిల్ పెయింటు. మీ ఊళ్లో ఈసారి ఆ చందా పుస్తకం మీ ఇంటికొస్తే, డబ్బుతో పాటు ఈ మాట కూడా ఇచ్చి పంపండి. డంగు సున్నం చేయడం తెలిసిన మేస్త్రీ మీ మండలంలో ఇంకా ఉంటే ఆయన పని వీడియో తీసి క్లబ్బుకి పంపండి, వచ్చే సంచికలో వేసుకుందాం.